నాన్న నంబరుకి ఓటీపీ

నవంబరు 11, మంగళవారం

గుర్‌గావ్‌కి నన్నే పంపిస్తున్నారు, మా టీములో లోహిత్‌ని కాదు. మేనేజరు జ్యోత్స్న క్యాబిన్‌లోకి పిలిచి, తలుపు వేసి మరీ చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం విమానం. సోమవారం పొద్దున్నే క్లయింటు ఎదురుగా కూర్చుని మా టీము చేసిందంతా చూపించాలి. వాళ్ళకి నచ్చితే కొత్త ప్రాజెక్టుకి నేనే లీడు.

"నచ్చకపోతే?" అన్నాను.

"నెగెటివ్‌గా మాట్లాడకు కిరణ్" అంది.

అంటే బెంచి అని అర్థం, ప్రాజెక్టు ఇవ్వకుండా ఖాళీగా కూర్చోబెట్టడం. ఈ ఏడాది మా ఆఫీసులో బెంచి ఎక్కినవాళ్ళు మళ్ళీ సీట్లోకి రావడం నేను చూడలేదు. అందరికీ కేకు కోసి, చప్పట్లు కొట్టి, ఇంటికి పంపేశారు. నేను ఇంట్లో కూర్చుంటే జీతం అంటూ తెచ్చేవాళ్ళు ఎవరూ లేరు. నాన్న పోయాక అమ్మకొచ్చే పెన్షను ఆవిడ మందులకీ కూరలకీ సరి. ఈ ప్రగతి నగర్ ఫ్లాటు అప్పు నా నెత్తిమీదే ఉంది. కాబట్టి నచ్చాలి. నచ్చి తీరాలి.

విమానం ఎక్కి ఎనిమిదేళ్ళయింది. అప్పుడు టికెట్లూ కార్డులూ అన్నీ అతని చేతిలోనే ఉండేవి, నేను చేతులూపుకుంటూ వెనకాల నడిచాను. ఆ పెళ్ళి గురించి ఈ డైరీలో రాయనని ఒట్టు పెట్టుకున్నాను కనుక ఇక్కడితో ఆపేస్తున్నాను.

అమ్మకి చెబితే ముందు "ఒక్కదానివేనా?" అంది. తర్వాత "చలికోటు ఉందా?" అంది. ఆ తర్వాత ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి పోయి "మా అమ్మాయి ఢిల్లీ వెళ్తోంది నాయనా, విమానంలో" అని ఎవరికో అప్పుడే చెప్పేసింది. ఈవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరికమ్మా అంటే "రోహిత్‌కి" అంది. రోహిత్ మా పెద్దమ్మ కొడుకు, విజయవాడలో ఉంటాడు. సర్లే, ఇంక బెజవాడంతా తెలిసిపోతుంది.

నవంబరు 12, బుధవారం

పర్సు పోయింది.

నవంబరు 13, గురువారం

నిన్న ఇంకేమీ రాయబుద్ధి కాలేదు.

మాదాపూర్‌లో బైకు టాక్సీ దొరక్క షేర్ ఆటో ఎక్కాను. ఒళ్ళో లాప్‌టాప్ బ్యాగు, దాని మీద పర్సు, చేతిలో ఫోన్. నిజాంపేట రోడ్డులో దిగి, ఫోన్‌తోనే డబ్బులు కొట్టి, బ్యాగు భుజానికేసుకుని వచ్చేశాను. ఫోన్ చేతిలో ఉంటే అన్నీ ఉన్నట్టే అనిపిస్తుంది. లిఫ్టులోకి ఎక్కాక తెలిసింది. వెనక్కి పరిగెత్తానుగానీ అక్కడ ఏముంటుంది, అన్నీ ఒకేలాంటి ఆటోలు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, రెండు బ్యాంకు కార్డులు, అమ్మ చెవిదిద్దు ఒకటి, మరమ్మతుకి ఇద్దామని పెట్టుకున్నది. అన్నీ అందులోనే. బ్యాంకు కార్డులు ఆపించేశాను. పోలీసులకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. దిద్దు సంగతి అమ్మకి చెప్పలేదు.

ఇవాళ ఆఫీసులో తలా ఒక మాట.

లోహిత్: "కంపెనీ ఐడీ చూపించు చాలు. నేను పోయినసారి అలాగే వెళ్ళా."

పక్కసీటు ప్రశాంతి: "నమ్మకక్కా. గవర్నమెంటు ఇచ్చిందే కావాలి, అది కూడా ఒరిజినల్."

అడ్మిన్‌లో ఒకాయన: "పోలీసు కాగితమూ ఆధార్ జిరాక్సూ కలిపి చూపిస్తే వదిలేస్తారు మేడం."

జ్యోత్స్న: "జిరాక్స్ ఒప్పుకోరు. గేటు దగ్గరే తిప్పి పంపేస్తారు. శనివారం సాయంత్రానికి నీ దగ్గర ఏదీ లేకపోతే టికెట్ లోహిత్ పేరున కొత్తది తీయిస్తాను కిరణ్, వేరే దారి లేదు. సారీ."

లోహిత్ వెంటనే "నా బ్యాగు సర్దే ఉంటుంది ఎప్పుడూ" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, ఎందుకో మరి.

పొద్దుట్నించీ సాయంత్రం దాకా మెడలో నా మొహం వేలాడుతూనే ఉంటుంది. అది చూపిస్తేగానీ కాఫీ మెషీన్ దగ్గరికి కూడా పోనివ్వరు. అదే కార్డు ఎయిర్‌పోర్టులో చెల్లదట. విమానం వాళ్ళ సైటులో నేనే చదివాను. పాస్‌పోర్టు చెల్లుతుంది. నాది పోయినేడే గడువు దాటింది. ఓటరు కార్డు చెల్లుతుంది. ఓట్ల రోజు సెలవు కదా అని పడుకునేదాన్ని, ఆ కార్డు ఎప్పుడూ తీసుకోనేలేదు. ప్రభుత్వ బ్యాంకు వాళ్ళు ఫోటో అంటించి ముద్ర వేసిన పాస్‌బుక్ చెల్లుతుంది. నా ప్రైవేటు బ్యాంకు పాస్‌బుక్కే ఇవ్వలేదు. ఏదీ లేనివాళ్ళు గజిటెడ్ ఆఫీసరు చేత ఫోటో మీద సంతకం పెట్టించుకోవచ్చట. నాన్న స్నేహితుడు సుబ్బరాయుడుగారు గుర్తొచ్చి ఫోన్ చేశాను. "నేను రిటైరై నాలుగేళ్ళయిందమ్మా. ఇప్పుడు నా సంతకానికి మా ఇంట్లోనే విలువ లేదు" అన్నారు.

రైలు చూశాను. వెయిటింగ్ లిస్టు చాంతాడంత ఉంది.

చివరికి ప్రశాంతే చెప్పింది. కార్డు పోతే ఏమైంది అక్కా, ఆధార్ ఫోన్లో దించుకోవచ్చు, రంగుల ప్రింటు తీసుకో, అది చెల్లుతుంది అని. ఇంత తేలికా అని ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి నాన్న ఫైలు తీశాను. మా ఇంటిల్లిపాది కాగితాలకీ జిరాక్సులు తీసి, పేర్లు రాసి పెట్టిన మనిషి. నా ఆధార్ నంబరు దొరికింది. సైటులో కొట్టాను. ఓటీపీ పంపామంది. చూస్తూ కూర్చున్నాను, నా ఫోన్ మోగలేదు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ పంపామంది. ఏ నంబరుకో అప్పుడు చూశాను, చివరి నాలుగంకెలు.

నాన్న నంబరు.

నవంబరు 14, శుక్రవారం

"ఇంటికి ఒక తలుపు, ఒక నంబరు" అనేవారు నాన్న. గ్యాసుకి, బ్యాంకుకి, కరెంటుకి, అమ్మ ఆధార్‌కి, నా ఆధార్‌కి, అన్నిటికీ ఆయన నంబరే. పెళ్ళయినప్పుడు అతను మార్చుకోమన్నాడు. బద్ధకించాను. విడిపోయాక, మార్చకపోవడమే మంచిదైంది అనుకున్నాను. నాన్న పోయాక మార్చుకోవాల్సింది. తీరిక దొరకలేదు. అంతే, తీరిక లేకే.

నా ఫోన్లో ఆ నంబరు ఇంకా "నాన్న" అనే ఉంది. తీసేయడానికీ తీరిక దొరకలేదు.

ఆయనకి ఒక అలవాటుండేది. నేను ఎక్కడికి వెళ్ళినా అక్కడ దిగే వేళకి ఫోన్ చేసి "దిగావా?" అనేవారు. హలో లేదు, ఎలా ఉన్నావు లేదు. "దిగావా?" "దిగాను నాన్నా." "సరే." పెట్టేసేవారు. రోజూ ఆఫీసు దగ్గర కూడా అదే. సైబర్ టవర్స్ దగ్గర దిగి రోడ్డు దాటుతుంటే ఫోన్ మోగేది. చంపుతున్నారు నాన్నా అని ఎన్నిసార్లు విసుక్కున్నానో.

ఇవాళ సగంరోజు సెలవు పెట్టాను. బీరువాలోంచి నాన్న ఫోన్ తీసి చార్జింగు పెడితే వెలిగింది. సిగ్నల్ లేదు. పధ్నాలుగు నెలలుగా రీచార్జి చేయని సిమ్ ఎలా బతుకుతుంది? ఫోన్ల షాపులో అడిగితే కుర్రది కంప్యూటర్లో చూసి, "ఈ నంబర్ వేరేవాళ్ళకి ఇచ్చేశారు మేడం. చాలారోజులు వాడకపోతే అంతే" అంది.

వేరేవాళ్ళకి. నాన్న నంబరుని.

అక్కడినుంచి ఆధార్ సెంటరుకి వెళ్ళాను. ఇవాళ్టి టోకెన్లు అయిపోయాయి, సోమవారం రమ్మన్నారు. పైగా నంబరు మార్చినా వెంటనే ఎక్కదట, కొన్నాళ్ళు పడుతుందట. సోమవారం నేను గుర్‌గావ్‌లో ఉండాలి బాబూ అంటే, "అయితే వచ్చాక రండి మేడం" అన్నాడు. వెళ్ళడానికే కదా నాయనా ఇది! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఇక మిగిలింది ఒక్కటే. ఆ నంబరుకి ఫోన్ చేసి, ఎవరైతే వాళ్ళని, ఓటీపీ చెప్పమని బతిమాలుకోవడం.

ఆ మాట అమ్మతో అంటే గిన్నె కడుగుతున్నదల్లా ఆగిపోయింది.

"ఆ నంబరు జోలికి వెళ్ళకు."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పను? పోయినాయన నంబరు. ఎవరో ఏమిటో. వద్దు."

"ఉద్యోగం పోతుందమ్మా."

"పోనీ లోహిత్‌నే వెళ్ళమను."

నాకేం అర్థం కాలేదు. ఈవిడేనా, మొన్న బాల్కనీలో నిలబడి మా అమ్మాయి విమానంలో వెళ్తోందని గొప్పలు పోయింది? కోపమొచ్చి అన్నం తినకుండా లేచాను. కాదు, కోపం కాదు. నాకేం కోపం లేదు.

సాయంత్రం రోహిత్ అన్నయ్య ఏదో పెళ్ళి సంగతి చెప్పడానికి ఫోన్ చేశాడు. "పిన్ని ఎలా ఉంది? మాట్లాడి మూడునెలలు దాటింది" అన్నాడు. మొన్న మంగళవారం మాట్లాడావుగా అంటే, "నేనా? లేదే" అన్నాడు.

మరి బాల్కనీలో "నాయనా" ఎవరు?

నవంబరు 15, శనివారం

చాలా రాయాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. వరసగానే రాస్తాను.

పొద్దున అమ్మ కూరలకి వెళ్ళగానే నా ఫోన్‌లోంచి ఆ నంబరుకి చేశాను. "నాన్న" అని తెర మీద పేరు, కింద "కాలింగ్". అది చూడలేక ఫోన్ బోర్లా పెట్టి స్పీకరు పెట్టాను. రెండుసార్లు కట్ చేశారు. మూడోసారి ఎత్తారు.

"ఎవరు?" మగగొంతు. వెనకాల హారన్లు.

"నమస్తే అండి. మీకొక ఓటీపీ వస్తుంది, అది కొంచెం చెప్పగలరా? అది నాది…"

"ఏంది? ఓటీపీనా? పొద్దుగాల్నే షురూ జేసిన్రా? సిగ్గుండాలె. మనుషులు కష్టపడి సంపాయించుకుంటే గిట్ల దోచుకుంటరా? ఇంకోపారి జేస్తే సైబర్ పోలీసులకి ఇస్త నీ నంబర్!"

పెట్టేశాడు. మళ్ళీ చేస్తే అసలు కలవడమే లేదు. బ్లాక్ చేసేశాడు. పదేళ్ళుగా మా కంపెనీ పెట్టే సెక్యూరిటీ ట్రైనింగుల్లో నేను అందరికీ చెప్పే మాటలే నాకు అప్పజెప్పాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మధ్యాహ్నం జ్యోత్స్న మెసేజ్: ఏమైంది? సాయంత్రం దాకా చూస్తాను.

అమ్మ స్నానానికి వెళ్ళింది. శనివారం కదా, తలంటు, చాలాసేపు పడుతుంది. ఆవిడ ఫోన్ తీశాను. నా నంబరు బ్లాక్ చేశాడు, అమ్మది చేయలేదు కదా అని. అంతకుమించి నాకేం ఉద్దేశం లేదు. నంబరు కొట్టబోతుంటే ఆఖరున చేసిన ఫోన్ల జాబితా కనబడింది. పైనుంచి కిందికి ఒకటే పేరు. "ఆయన". "ఆయన". "ఆయన". రోజూ మధ్యాహ్నం.

అమ్మ నాన్నని ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ఫోన్లో కూడా అలాగే పెట్టుకుంది.

నొక్కాను. ఒక్క రింగుకే ఎత్తాడు.

"చెప్పమ్మా. తిన్నవా? గోలి ఏసుకున్నవా?"

అదే గొంతు. పొద్దున్న నన్ను తిట్టిన గొంతే. ఎంత మెత్తగా ఉందో.

చెప్పాను, నేను కనకలక్ష్మిగారి అమ్మాయిని, కిరణ్మయిని, నాకు ఓటీపీ కావాలి అని.

"పొద్దుగాల ఒకామె గిట్లనే అడిగింది."

"అది నేనే అండి."

"మరి అమ్మ ఫోన్ మీ చేతిలకెట్ల వచ్చింది? అమ్మేది?"

"స్నానం చేస్తోంది."

"మీరు బిడ్డనే అని నాకెట్ల ఎర్కయితది మేడం? అమ్మ ఫోన్ ఎవలన్న కొట్టేసిన్రేమో. ముందుగాల అమ్మకియ్యిన్రి."

"బాబూ, నా దగ్గర ఐడీ ఉంటే మిమ్మల్ని ఎందుకు అడుగుతాను?"

"సరే. అమ్మ బీపీ గోలి ఎప్పుడేసుకుంటదో చెప్పున్రి."

"పొద్దున. టిఫిన్ తర్వాత."

"తప్పు. పొద్దుగాల ఏసుకుంటే కండ్లు తిరుగుతున్నయని మధ్యాహ్నానికి మార్చిండు డాక్టరు. రెండు నెలలాయె. దవాఖానకు ఒక్కతే వొయ్యింది ఆమె. బిడ్డవైతే గది తెల్వదా?"

మంచం మీద కూర్చుండిపోయాను. నాకు కోపం వచ్చిందని రాస్తే అబద్ధం, రాలేదని రాస్తే అంతకంటే పెద్ద అబద్ధం. మా అమ్మ మందు వేళ నాకు పరాయివాడు చెబుతున్నాడు. నేను మా అమ్మ కూతురినని రుజువు చేసుకోలేకపోతున్నాను. పెట్టేద్దామనుకున్నాను. లోహిత్ వెళ్ళనీ, బెంచి రానీ.

అతనే మళ్ళీ అన్నాడు, ఈసారి కొంచెం తగ్గి. "ఇంకొకటి అడుగుత. సార్ మీకు రోజూ ఫోన్ జేసి ఏమడిగేటోడు?"

చెప్పాను. "దిగావా."

"ఆ. గదే. అమ్మ చెప్పింది నాకు" అన్నాడు. "మాఫ్ చెయ్యిన్రి మేడం. పొద్దుగాల తిట్టిన."

అమ్మ తలకి తువ్వాలు చుట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో. నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "మా అమ్మాయే సంతోష్. నా కడుపున పుట్టిందే. చెప్పు నాయనా, చెప్పెయ్" అంది.

నేను లాప్‌టాప్‌లో నొక్కాను. అతను ఒక్కో అంకే చదివాడు, అమ్మ పలికింది, నేను కొట్టాను. ఆధార్ దిగింది. ఆ ఫైలు తెరిచే తాళం నా పేరులో మొదటి నాలుగక్షరాలూ పుట్టిన సంవత్సరమూనట. ఆ రెండూ మాత్రం ఎవరినీ అడక్కుండా నాకే తెలుసు.

జ్యోత్స్నకి మెసేజ్ పెట్టాను. బొటనవేలి బొమ్మ పంపింది.

అమ్మతో మాట్లాడలేదు. నాకేం కోపం లేదు. తల నొప్పిగా ఉంది.

నవంబరు 16, ఆదివారం, పొద్దున

నేను అడగలేదు. కాఫీ ఇస్తూ అమ్మే మొదలుపెట్టింది.

నాన్న పోయిన కొత్తలో రోజూ మధ్యాహ్నం ఆయన నంబరుకి చేసేదట. "స్విచాఫ్ అని ఒకావిడ చెబుతుందే, ఆ మాటైనా వినబడేది. అన్నం తిన్నాక ఆయనకి చేయడం అలవాటు కదా నాకు. ఆఫీసులో తిన్నారా లేదా అని." ఒకరోజు ఉన్నట్టుండి రింగయింది. హలో అని వినబడగానే పెట్టేసింది. మర్నాడు మళ్ళీ చేసింది. "నాలుగురోజులు తిట్టాడే పాపం. అయిదోరోజు, ఎవరికోసం చేస్తున్నవమ్మా అన్నాడు. చెప్పేశాను."

గచ్చిబౌలిలో ఏదో కంపెనీకి క్యాబ్ నడుపుతాడట. కొత్త సిమ్ అని తీసుకుంటే అన్నీ మా ఫోన్లే. గ్యాసు వాళ్ళు, బ్యాంకు వాళ్ళు, పాత స్నేహితులు, అందరూ విశ్వేశ్వరరావుగారా అని. "ఆయన లేరండి, పోయారు అని అతనే చెప్పాడటే చాలామందికి. మనం చెప్పనివాళ్ళకి కూడా."

నాన్న పోయిన సంగతి మాకంటే ఎక్కువమందికి చెప్పింది ఆ డ్రైవరన్నమాట.

నంబరు మార్చేసుకుంటానన్నాడట అప్పట్లో, పరేషాన్ భరించలేక. అమ్మ వద్దంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఊరుకుంటావా? నంబరు ఎవరిదో, ఫ్రాడో ఏమిటో అని అన్నీ తీసేయించేదానివి. నాతో ఆ మధ్యాహ్నం మాట కూడా ఉండేది కాదు."

"ఫ్రాడ్ అయితే? నీ బ్యాంకు ఓటీపీలు అతనికి వెళ్తున్నాయమ్మా! ఎవరో తెలియదు, మొహం చూడలేదు…"

"కడుపున పుట్టినదానికే చెప్పనన్నాడు కదే ఓటీపీ. ఇంకెవరికి చెబుతాడు?"

ఆవిడ మాటా తప్పు కాదు, నా మాటా తప్పు కాదు. వచ్చాక ఆధార్ సెంటరుకి వెళ్ళి నంబరు మార్పించుకుంటాను అన్నాను. "నీది మార్చుకో" అంది. నీది కూడా అన్నాను. "నాది వచ్చే నెల చూద్దాంలే" అంది. మా ఇంట్లో ఆ మాటకి అర్థం ఎప్పుడూ ఒకటే.

"దవాఖానకి ఒక్కదానివే ఎందుకెళ్ళావు?"

"నువ్వు మీటింగులో ఉన్నావు."

కాఫీ చల్లారిపోయింది. క్యాబ్ బుక్ చేయాలి. కింద జిరాక్స్ షాపు తీసే వేళయింది.

నవంబరు 18, మంగళవారం

ప్రాజెక్టు వచ్చింది. క్లయింటు నవ్వుతూ చెయ్యి కలిపాడు, జ్యోత్స్న ఫోన్లో కేకలు వేసింది, లోహిత్ గ్రూపులో పూలగుత్తి బొమ్మ పెట్టాడు. ఆ వివరాలు ఎప్పుడైనా రాసుకోవచ్చు. ముందు ఆదివారం సంగతి రాయాలి, మర్చిపోతానని కాదు.

శంషాబాద్‌లో గేటు దగ్గర వరసలో నిలబడ్డాను. చేతిలో రంగుల ప్రింటు, చెమటకి అంచు మెత్తబడింది. నా ముందు పెద్దాయన నాలుగు కార్డులు పేకముక్కల్లా పరిచి పట్టుకున్నాడు, ఏది అడిగితే అది ఇద్దామని. నా వంతు వచ్చింది. జవాను టికెట్ చూశాడు, కాగితం చూశాడు, నన్ను చూశాడు. ఫోటో పదకొండేళ్ళ కిందటిది. అందులో జడ ఉంది, నవ్వు ఉంది. మళ్ళీ కాగితం చూశాడు. మీ అమ్మ మందు ఎప్పుడేసుకుంటుంది అని అడుగుతాడేమో అన్నంత భయం. ఏమీ అడగలేదు. చెయ్యి లోపలికి ఊపాడు. ఇంతేనా అనిపించింది.

విమానంలో కిటికీ సీటు. ఏడవలేదు. ఏడ్చాను, కొంచెం. పక్కావిడ ముక్కు తుడుచుకోమని కాగితం రుమాలు ఇచ్చింది, మొదటిసారా అంది హిందీలో. అవునన్నాను.

ఢిల్లీలో దిగి, నడవగా నడవగా పెట్టెల బెల్టు దగ్గరికి వచ్చాను. ఎవరి భాష వాళ్ళది, ఎవరి ఫోన్ వాళ్ళది. అందరూ ఎవరికో ఒకరికి చెబుతున్నారు, దిగాం, దిగాం అని. నేను కూడా ఫోన్ ఆన్ చేసి అమ్మకి చేయబోయాను.

అంతలో చేతిలోనే మోగింది.

తెర మీద "నాన్న".

నాకు తెలుసు అది ఎవరో. తెలిసే, ఎత్తలేదు. మోగనిచ్చాను. పధ్నాలుగు నెలల తర్వాత ఆ పేరు అక్కడ వెలుగుతుంటే, ఇంకొంచెంసేపు చూడాలనిపించింది. పెట్టె ఒకసారి ముందునుంచి వెళ్ళిపోయింది, నాదే. పోనిచ్చాను. ఆగిపోతుందేమోనని భయం వేసి అప్పుడు ఎత్తాను.

"మేడం, నేను సంతోష్‌ని. మీ నంబర్ అమ్మ ఇచ్చింది. బ్లాక్ తీసేసిన." కొంచెం మొహమాటపడ్డాడు. "అమ్మ ఒకటే ఫికర్ జేస్తున్నది. జర అడుగుమన్నది… దిగిన్రా?"

చుట్టూ చూశాను. ఎవరూ నన్ను చూడడం లేదు.

"దిగాను" అన్నాను.

"సరే" అని పెట్టేశాడు.